తరిగిపోయిన పెట్రోలు

నా చిన్నప్పుడు మా తాతయ్య ఈ లోకంలో నమ్మింది నా కళ్ళను మాత్రమే. ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలిసేది కానీ, ఎవరో తెలిసేది కాదు. అందుకని ఎక్కడికి వెళ్ళినా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నీ కండ్లు నాకియ్యి బిడ్డా" అనేవాడు. పాలలో నీళ్ళు కలిశాయా, కల్లంలో ధాన్యం కొలిచే మనిషి చేయి వంకరగా పోతోందా, నేను చూసి ఆయన చెవిలో చెప్పాలి. అప్పుడు నాకు పదేళ్ళు. అంత పెద్దమనిషి నా మాట మీద నడుస్తున్నాడని ఎంత మిడిసిపడేదాన్నో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మాది మానుకోట దగ్గర పల్లె. మహబూబాబాదు అని కాగితాల మీద రాసేవాళ్ళం గానీ నోటితో మానుకోట అనే అనేవాళ్ళం. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకు కారు ఉన్న ఇల్లు మాదొక్కటే. నల్లటి కారు. తాతయ్య కొనేనాటికే అది చాలా చేతులు మారిందట. కచేరీ పనులకు అదే, పెళ్ళిళ్ళకు అదే, ఎవరికైనా నొప్పులొస్తే దవాఖానకు తీసుకుపోయేదీ అదే.

దాన్ని నడిపే ఆయన మా ఊరికి కోసెడు దూరంలోని లంబాడీ తండా మనిషి. వయసులో ఉన్నప్పుడు భూపాలపల్లి అడవుల దిక్కు కలప లారీల మీద పనిచేస్తూ డ్రైవింగు నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక ఇంటిపట్టున ఉందామని మా దగ్గర చేరాడు. పిల్లలమంతా డ్రైవరన్న అనేవాళ్ళం. చాలా తక్కువ మాట్లాడేవాడు. చెప్పులు కింద విడిచి, ఉత్త కాళ్ళతోనే కారు నడిపేవాడు.

అది అరవైతొమ్మిది, తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది. బడులు మూతపడ్డాయి. మాకు రోజూ సెలవే. బందు జరిగిన రోజు పెట్రోలు బంకు కూడా తెరిచేవారు కాదు. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియక, తాతయ్య దొరికినప్పుడే డబ్బాల్లో తెప్పించి కొట్టంలో దాచి తాళం వేయించేవాడు. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకు వేలాడేది.

అలాంటి రోజుల్లో కారులో పెట్రోలు తరిగిపోవడం మొదలైంది. తాతయ్య అంతకుముందే ఒక వెదురు బద్దకు కత్తితో గాట్లు పెట్టించి ఉంచాడు. కారు బయలుదేరే ముందు నేను దాన్ని ట్యాంకులో ముంచి తీసి తడి ఎంతవరకు ఉందో చెప్పాలి, తిరిగి వచ్చాక మళ్ళీ ముంచాలి. ఇదివరకు మానుకోటకు పోయివస్తే ఒక గాటు తగ్గేది. ఇప్పుడు రెండు తగ్గుతున్నాయి. కారు కొట్టంలో ఉంటే ఎన్ని రోజులైనా చుక్క తగ్గదు. రోడ్డెక్కితేనే మాయమవుతోంది. కింద పడిన మరక కూడా ఎక్కడా లేదు. ఇక తాతయ్యకు వేరే ఆలోచన ఎందుకు వస్తుంది?

దానికి తోడు కారు దారిలో ఆగిపోవడం కూడా మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గి దగ్గి నిలబడిపోయేది. డ్రైవరన్న దిగి, ముందు మూత ఎత్తి ఏదో చేసేవాడు. మళ్ళీ కదిలేది. ఒకటి రెండుసార్లు ఆయనే తాతయ్యతో అన్నాడు.

"పటేలా, పంపు సరిగ్గ గుంజుతలేదు. డోర్నకల్ మేస్త్రికి ఒక్కపారి సూపెడ్దం."

తాతయ్య సరేనన్నట్టు తల ఊపి, ఆయన వెళ్ళాక నాతో అన్నాడు. "చూసినవా బిడ్డా? డ్రైవరు, మేస్త్రి ఒక్కటే. వీడు బండి తోలుకపోతడు, వాడు మంచి సామాను ఊడబీకి పాతది పెడతడు. నువ్వు వీని మీద ఒక కన్నేసి ఉంచు."

కన్నేసి ఉంచాను. అందులో నాకొక ఆట దొరికింది. గడ్డివాము వెనుక నిలబడి చూసేదాన్ని. డ్రైవరన్న చేతులు తుడుచుకున్నా, తండా నుంచి ఎవరైనా వచ్చి ఆయనతో వాళ్ళ భాషలో రెండు మాటలు మాట్లాడినా నాకు అనుమానమే. నాకు అర్థం కాని భాష కాబట్టి తప్పకుండా పెట్రోలు గురించే అయి ఉంటుందనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ పడుకున్నారు. డ్రైవరన్న కారు పక్కన నేల మీద కూర్చుని, సన్నటి గొట్టం ఒకటి నోట్లో పెట్టుకుని ఉన్నాడు. ఆయన బుగ్గలు కదులుతున్నాయి. ఒక్కసారి పక్కకు తిరిగి ఉమ్మేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. గుప్పున పెట్రోలు వాసన. ఆయన నీళ్ళ కోసం బావి దగ్గరకు వెళ్ళగానే నేను కారులో వెతికాను. డ్రైవరు సీటు కింద, గుడ్డలో చుట్టిన సీసా ఉంది. మూత తీసి వాసన చూశాను. పెట్రోలే.

పరుగెత్తుకుంటూ వెళ్ళి తాతయ్యను లేపాను.

సాయంత్రం వాకిట్లో పది మంది ఉండగా తాతయ్య డ్రైవరన్నను పిలిపించాడు. నన్ను ముందుకు నిలబెట్టి, చూసింది చెప్పమన్నాడు. గొట్టం నోట్లో పెట్టుకున్నది, ఉమ్మింది, సీసా, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. డ్రైవరన్న నా దిక్కు చూశాడు. కోపంగా కాదు. పొరపాటున ఎవరింట్లోకో వచ్చినవాడిలా చూశాడు.

"బిడ్డ చూసింది నిజమే పటేలా. కాని గదెందుకంటె..."

"మొకం మీద అబద్ధమాడకు!" అని తాతయ్య గట్టిగా అరిచాడు. "సీస దొరికినంక ఇంకేం కతలు చెప్తవ్? అడివిల తిరిగెటోన్ని తెచ్చి ఇంట్ల పెట్టుకున్నందుకు నన్ననాలె."

డ్రైవరన్న జేబులోంచి కారు తాళంచెవి తీసి అరుగు మీద పెట్టాడు. వెళ్ళిపోయేటప్పుడు ఎవరూ ఆయనకు దారి ఇవ్వలేదు. మనుషుల పక్కనుంచి ఒదిగి వెళ్ళాడు. తాతయ్య నా తల నిమిరి, "నువ్వు లేకుంటె నేను గుడ్డోన్నే" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నంలో రెండు గరిటెల నెయ్యి ఎక్కువ పడింది.

మరునాటి నుంచి మా చిన్నాయన కారు నడిపాడు. ఆయన తాతయ్యకు చిన్న కొడుకు, అప్పటికి పాతికేళ్ళు ఉంటాయి. మొదటిసారి మానుకోటకు పోయివచ్చాం. నేను బద్ద ముంచి తీశాను. రెండు గాట్లు తగ్గింది. కొంచెం ఎక్కువే తగ్గినట్టుంది.

రెండోసారి వెళ్ళివచ్చాక కూడా అంతే తగ్గింది. అప్పుడు తాతయ్య చిన్నాయనను పిలిచి, మెల్లగా అడిగాడు. "ఎవని బండిల పోసినవ్ రా?"

చిన్నాయన ముఖం ఎర్రబడింది. "కొడుకు మీద గూడ నమ్మకం లేకపాయెనా నీకు?"

"డ్రైవరు మీద గూడ నమ్మకమే ఉండె."

తాతయ్య నన్ను పిలిచాడు. ఆ రెండుసార్లూ నేను కారులోనే ఉన్నాను. కారు ఎత్తు మీద ఒకసారి ఆగింది, చిన్నాయన చాలాసేపు తిప్పలు పడి మళ్ళీ కదిలించాడు. అంతే. ఎవరూ రాలేదు, ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. అదే చెప్పాను. తాతయ్య తన పొరలు కమ్మిన కళ్ళను నా ముఖానికి దగ్గరగా తెచ్చి అడిగాడు.

"వాడు నీకేం కొనిచ్చిండు?"

నిజానికి ఆ రోజు చిన్నాయన మానుకోటలో నాకు గోలీ సోడా తాగించాడు. రోజూ తాగించేవాడే. కానీ ఆ క్షణంలో ఆ సోడా నా గొంతులో దొంగసొమ్ములా అడ్డంపడింది. నా తడబాటు పసిగట్టి తాతయ్య తల తిప్పుకున్నాడు. చూసింది చూసినట్టు చెప్పినా నమ్మని మనిషి ముందు నిలబడడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. వాకిట్లో అంత మందిలో డ్రైవరన్న నిలబడిందీ ఇలాగే కదా అని కూడా అనిపించింది. కానీ ఆ ఆలోచనను వెంటనే నెట్టేశాను.

ఇంట్లో పరిస్థితి పాడైంది. చిన్నాయన తాతయ్యతో మాట్లాడడం మానేశాడు. జీతగాళ్ళ ఇళ్ళలో దీపాలు పెట్రోలుతో వెలుగుతున్నాయేమోనని తాతయ్యకు అనుమానం. మా నాయనమ్మ వంటింట్లో కిరసనాయిలు డబ్బా పక్కకు జరిపినా, ఎందుకు జరిపావని అడిగేవాడు.

కొన్నాళ్ళకు డోర్నకల్‌లో రైలు దిగే చుట్టాలను తీసుకురావడానికి తాతయ్య, చిన్నాయన, నేను బయలుదేరాం. డోర్నకల్ ఇంకా కొంత దూరం ఉందనగా కారు ఆగిపోయింది. ఈసారి ఎన్ని తిప్పలు పడ్డా కదలలేదు. దగ్గరలో దున్నుకుంటున్న రైతును బతిమాలి, ఎడ్లను కట్టించి కారును లాక్కుపోయాం. దారి పొడుగునా జనం నవ్వారు. తాతయ్యకు ఆ నవ్వుతున్న ముఖాలు కనపడలేదు కానీ, నవ్వులు వినపడ్డాయి.

స్టేషను వెనుక రేకుల షెడ్డులో ఉండేవాడు డోర్నకల్ మేస్త్రి. రైలింజన్ల షెడ్డులో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైన ముసలాయన. మెడలో చిన్న శిలువ, చెవి వెనుక పెన్సిలు. తాతయ్య ఎదురుగా ఉన్న హోటల్ చూరు కింద కూర్చుంటూ నన్ను దగ్గరకు లాగాడు. చాలా రోజుల తరువాత నా కళ్ళతో ఆయనకు మళ్ళీ పని పడింది. "ఏది ఊడదీసినా గుర్తుపెట్టుకో. జేబుల ఏదన్న ఏసుకుంటె నన్ను పిలువు."

నేను వెళ్ళి షెడ్డు స్తంభం వెనుక నిలబడ్డాను. మేస్త్రి తల ఎత్తకుండానే అన్నాడు.

"కాపలా పెట్టిండా మీ తాత?"

నేను స్తంభం వెనక్కి ఇంకాస్త జరిగాను.

"మంచిపని చేసిండు. కాని గంత దూరంకెల్లి ఏం కనవడ్తది? దగ్గరికి రా."

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పాత పంచె ఒకటి నేల మీద పరిచి నన్ను దాని పక్కన కూర్చోమన్నాడు. "నేను ఊడదీసిన ప్రతి సామాను నీ చేతికిస్త. ఒకదాని పక్కన ఒకటి పెట్టు. మళ్ళ బిగించేటప్పుడు నువ్వే అందియ్యాలె. ఒక్కటి తక్కువైనా పోయి మీ తాతకు చెప్పు." అని బోల్టు ఒకటి నా అరచేతిలో పెట్టాడు.

దేన్నీ ఊడదీయకముందే ఆయన చాలా సంగతులు అడిగాడు. ఎక్కడెక్కడ ఆగింది, ఎండలోనా చల్లపూటా, ఎత్తు మీదా చదునులోనా. ఆఖరికి చిన్నాయనను అడిగాడు. "ఇంజన్ల నూనె ఎప్పుడు పోసిండ్రు?"

"పోసుడే లేదు. నూనె విషయంల మంచి బండి ఇది. ఎంత నడిపినా తగ్గుతలేదు" అన్నాడు చిన్నాయన గర్వంగా.

మేస్త్రి నూనె కొలిచే కడ్డీ తీసి తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. "తగ్గకపోవుడు కాదు పటేలా. పెరిగింది." ఉండవలసిన గీత కంటే చాలా పైదాకా తడి ఉంది. తేనెలా ఉండవలసిన నూనె నీళ్ళలా జారుతోంది. కడ్డీని నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఏం వాసన?"

"పెట్రోలు" అన్నాను.

ఆయన ఇంజను పక్కనున్న పంపును ఊడదీసి విప్పాడు. పిడికిలి కంటే కాస్త పెద్దది. దాని లోపల రబ్బరూ గుడ్డా కలిపి చేసిన గుండ్రటి బిళ్ళ ఉంది. అది పైకీ కిందికీ ఆడుతుంటేనే ట్యాంకులోని పెట్రోలు ఇంజనులోకి వస్తుందట. ఆ బిళ్ళను ఎండకేసి పట్టుకున్నాడు. నడుమ బియ్యపు గింజంత చీలిక ఉంది. అందులోంచి వెలుతురు కనిపించింది.

"గుంజిన పెట్రోలు సగమే ఇంజన్‌కు పోతున్నది. తక్కిన సగం ఈ చీలికలకెల్లి కిందున్న నూనెల వడ్తున్నది. రోడ్డు మీద చుక్క వడది, ఎవ్వని కంట వడది. ఇంకొన్ని దినాలు నడిపితె ఇంజనే పోతుండె."

చిన్నాయన రోడ్డు దాటి వెళ్ళి తాతయ్యకు చెప్పాడు. నేను కూర్చున్న చోటు నుంచి చూస్తున్నాను. తాతయ్య చేతిలోని టీ కప్పు చాలాసేపు అలాగే ఉండిపోయింది.

మేస్త్రి రేకు డబ్బాలోంచి కొత్త బిళ్ళ తీసి వేశాడు. పాత నూనె వంపేశాడు. తరువాత ట్యాంకు నుంచి వచ్చే సన్నటి గొట్టం ఊడదీసి, ఒక కొన నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు ఉబ్బించి ఊదాడు. అటువైపు నుంచి తుప్పు పొడి రాలింది. ఆయన పక్కకు తిరిగి ఉమ్మేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"తాతా, నోట్లె ఎందుకు పెట్టుకున్నవ్?" అన్నాను.

"పైపుల చెత్త ఇరికితె ఊదాలె గద బిడ్డా. పెట్రోలు నోట్లె పడ్తది, మండుతది. ఏం చేస్తం, బండి నడువాలె గద. ఎందుకడిగినవ్?"

అంతా చెప్పాను. గొట్టం, సీసా, వాకిట్లో నేను చెప్పిన సాక్ష్యం, అన్నీ. ఆయన చేతిలో పని ఆపి విన్నాడు.

"సీస ఎందుకో గూడ తెలువదా నీకు? పంపు గుంజకపోతె ఇగో, ఇంజన్ మీది ఈ మూతికెల్లి జరంత పెట్రోలు పోస్తె బండి లేస్తది. ఆయన బండిని మోసుకొచ్చిండు బిడ్డా ఇన్ని దినాలు." నా దిక్కు తిరిగి అడిగాడు. "నువ్వు చూసినవు, బాగనే చూసినవు. ఎందుకు చేస్తున్నవని ఆయన్ను అడిగినవా?"

"లే" అన్నాను.

ఆయన పని మీదికి వంగి, "ఆ బోల్టు ఇయ్యి" అన్నాడు. పరిచిన పంచె మీది సామాను ఒక్కొక్కటీ అందించాను. చివరికి పంచె మీద ఏమీ మిగలలేదు. చినిగిన బిళ్ళను కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. "పాత సామాను మీదే. తాతకియ్యి."

తిరుగు ప్రయాణంలో కారు ఎక్కడా దగ్గలేదు. చుట్టాలు ఏవేవో మాట్లాడుతున్నారు. తాతయ్య కాగితపు పొట్లం విప్పి, తనకు కనిపించని ఆ చీలికను వేలితో తడుముతూనే ఉన్నాడు. ఇంటికి చేరాక మొలతాడుకున్న కొట్టం తాళంచెవి విప్పి చిన్నాయన చేతిలో పెట్టాడు.

డ్రైవరన్న కోసం తండాకు మనిషిని పంపితే, మళ్ళీ లారీల మీదికి పోయాడని, ములుగు అవతల ఘనపూర్ దిక్కు ఉన్నాడని తెలిసింది. కబురు పెడదామన్నారు అందరూ. తాతయ్య ఒప్పుకోలేదు. "పది మందిల నిందేసిన. పది మందిలనే చెప్పాలె" అని, నన్నూ చిన్నాయననూ వెంటబెట్టుకుని తెల్లవారగానే బయలుదేరాడు. ములుగు దాటి, ఘనపూర్ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. రోడ్డు పక్కన కలప లారీలు వరుసగా నిలిచి ఉన్నాయి. ఒకదాని నీడలో డ్రైవరన్న నలుగురితో కూర్చుని అన్నం తింటున్నాడు. మమ్మల్ని చూసి ఎంగిలి చేతితోనే లేచి నిలబడ్డాడు.

తాతయ్య నా భుజం పట్టుకుని నడిచి, ఆయన ఎటు ఉన్నాడో నన్నడిగి, అటు తిరిగి చేతులు జోడించాడు. "నువ్వు దొంగవు కాదు. తప్పు నాది. ఇనే తీరిక లేకపాయె నాకు. మళ్ళ రా, బండి నీదే."

లారీల వాళ్ళంతా చూస్తున్నారు. డ్రైవరన్న చాలా ఇబ్బంది పడ్డాడు. "గంత మాటెందుకు పటేలా" అన్నాడు. తరువాత మెల్లగా, కానీ తడబడకుండా చెప్పాడు. "నన్ను పిలువకుండ్రి. రేపు ఇంట్ల ఇంకేదన్న తక్కువైతె మీరు నా దిక్కే చూస్తరు. చూడకున్నా, చూస్తున్నరేమో అని నాకనిపిస్తది. గట్ల బండి నడుపరాదు."

తాతయ్య బలవంతం చేయలేదు. తల ఊపి, చిన్నాయన చేయి పట్టుకుని కారు వైపు తిరిగాడు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఆఖరికి అన్నాను. "అన్నా, ఆ రోజు పైపు నోట్లె ఎందుకు పెట్టుకున్నవ్?"

నాకు తెలుసునని ఆయనకూ తెలిసే ఉంటుంది. అయినా నవ్వలేదు, కసురుకోలేదు. చేయి కడుక్కుని వచ్చి, లారీ నీడలో నా ముందు గొంతుక్కూర్చుని, మొదటిసారి అడిగినవాళ్ళకు చెప్పినట్టే మొత్తం చెప్పాడు. తుప్పు ఎట్లా ఇరుకుతుందో, ఎట్లా ఊదాలో చెప్పాడు. ఆ వేసవిలోనే మా చిన్నమ్మను, అంటే చిన్నాయన భార్యను, నొప్పులు వస్తుంటే దవాఖానకు తీసుకుపోతున్నప్పుడు కారు మూడుసార్లు ఆగిందట. తరువాతిసారి ఏమవుతుందోనని అప్పటి నుంచి సీసాలో పెట్రోలు పెట్టుకోవడం మొదలుపెట్టాడట. "కడుపుతోని ఉన్న మనిషిని రోడ్డు మీద ఎట్ల ఇడిచిపెడ్తం బిడ్డా" అన్నాడు. చెప్పడం అయ్యాక, "ఇంకేమన్న అడుగుతవా?" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఆయన నా తల మీద చేయి వేసి లేచి, తన అన్నం దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ఆయనను మళ్ళీ చూడలేదు.

నేను పెద్దయ్యాక జనగామలో పంతులమ్మగా చాలా ఏళ్ళు పనిచేశాను. పిల్లలు పరుగెత్తుకొచ్చి, "టీచర్, వాడు తీసిండు, నా కండ్లతో చూసిన" అని చెప్పేవారు. వాళ్ళలో అబద్ధమాడేవాళ్ళు తక్కువే. నేనూ ఆ రోజు అబద్ధమాడలేదు. అందుకే ఆ పిల్లలను ఎన్నడూ కోప్పడలేదు. చేయి పట్టుకుని, ఎవరి మీద చెప్పారో ఆ పిల్లవాడి దగ్గరకే తీసుకుపోయేదాన్ని. ముందు నువ్వు అడుగు, వాడు చెప్పేది ఆఖరిదాకా విను, ఆ తరువాత నాకు చెప్పు అనేదాన్ని. చాలాసార్లు ఆ తరువాత చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు నా కళ్ళకూ పొరలు వస్తున్నాయంటున్నారు డాక్టర్లు. దానికి నాకు పెద్దగా దిగులు లేదు. మనిషి తన మాట పూర్తి చేసేదాకా వినడానికి చెవులు ఉంటే చాలు.